కండక్టర్‌కి ఉప్పు లేకుండా

ధర్మవరం,
ఆదివారం

వసుంధరకు,

నువ్వూ పావనీ పసిబిడ్డా బాగున్నారనే అనుకుంటున్నాను. బాగాలేకపోతే ఈపాటికి నీ కబురు వచ్చే బస్సు పోయే బస్సు మోసుకొచ్చి ఉండేది. కాబట్టి క్షేమ సమాచారాలు పక్కనపెట్టి నేరుగా విషయానికి వస్తున్నాను. కండక్టర్ తిన్నాడు. తిని, గిన్నె నాకి, దాన్ని బోర్లా తోసి, కింద ఇంకేమైనా దాచానేమోనని వెతికి మరీ చూశాడు. కుక్కకి ఆ పేరు పెట్టింది నువ్వే కదా, గేటు దగ్గర వాడు విజిల్ వేసినట్టు ఒక్క అరుపు అరిస్తే ఎంతటి డ్రైవరైనా ఆగాల్సిందేనని. ఇప్పుడు వాడు నా వెనకాలే వంటింటి గడప దాకా వచ్చి కూర్చుంటున్నాడు. నిన్ను తప్ప మనిషిని లెక్కచేయని కుక్క.

ఈ మాట ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. కానీ ఇన్నేళ్లు ఇంజను పక్కన కూర్చున్న చెవికి నీ మాట సగం వినబడదు. వినబడని సగానికి నేను అరుస్తాను. నా అరుపుకి అక్కడ బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది, నువ్వు ఫోన్ పెట్టేస్తావు. "ఏమన్నా చెప్పాలంటే రాసి జయప్రకాష్ చేతికియ్యి, నా ప్రాణానికి హాయిగా ఉంటాది" అన్నావు. నేను రిటైరయ్యాక హిందూపురం రూటు బస్సు నడుపుతున్నది అతనే కాబట్టి నా ఉత్తరాలకి కూడా అతనే డ్రైవర్.

నువ్వు బస్సెక్కుతూ అన్న ఇంకో మాట కూడా నేను మరిచిపోలేదు. బిడ్డను ఎప్పుడు తీసుకొస్తారని నేనడిగితే, "ఆ సంగతి తర్వాత. ముందు ఆ కుక్కకు వేళకింత తిండి పెట్టు, చూద్దాం" అన్నావు. డిపోవాళ్లంతా విన్నారు, నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. డాక్టరమ్మ ప్రయాణం వద్దంది, అల్లుడు వెంకటేష్‌కి తల్లి లేదు, అందుకని నువ్వే హిందూపురంలో వాళ్లింటికి పోవాల్సి వచ్చింది, అదంతా నాకు తెలియక కాదు. తెలిసినా, ఉయ్యాల కోసమని నేను దూలానికి కొట్టించిన కొక్కేనికి నా లుంగీ ఆరేసుకుంటుంటే ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. మనవరాలు ఈ ఇంటికి రావాలంటే ఈ కుక్క నాకు పరీక్ష అన్నమాట. సరే. లైసెన్సు కోసం ఎనిమిది ఆకారంలో లారీ తిప్పి చూపించినవాణ్ణి, ఒక కుక్కకి అన్నం పెట్టి చూపించలేనా.

కుక్కలకని అమ్మే ప్యాకెట్ గుళికల సంగతి నువ్వు చెప్పినట్టే అయింది. వాసన చూశాడు, నన్నొకసారి చూశాడు, పోయి మంచం కింద పడుకున్నాడు. వాడికి వేడిగా వండి పెట్టాల్సిందేనని నువ్వన్నది అప్పుడు అర్థమైంది. నేను బస్టాండు హోటల్లో తినేసి కాలం గడుపుదామనుకున్నవాణ్ణి, కుక్క కోసం పొయ్యి వెలిగించాను. మొదటిరోజు రాగిసంగటి గెలికితే పైన నీళ్లు, కింద ఉండలు. పక్కింటి చంద్రప్ప మగ్గం దిగి వచ్చి, గరిటెతో తీసి చూసి, "ఏంరా రంగా, ఇది కుక్కకా, గోడకు పూసేదానికా?" అన్నాడు. రెండో రోజు పిండి ఉడికేదాకా ఓపిక పట్టాను, కట్టె పెట్టి గట్టిగా గెలికాను. నున్నగా వచ్చింది వసుంధరా. చేత్తో తట్టి చూసుకున్నాను. వాడి వాటా తీసి ఆరబెట్టి, మిగిలినదానికి ఉప్పు కలుపుకొని నేను తిన్నాను. ఇప్పుడు రోజూ మా ఇద్దరికీ ఒకటే కుండ.

అయితే ఒక్క విషయంలో నీతో నాకు ఒప్పుదల లేదు. మనం ఉప్పూ కారం వేసుకుని తినేది కుక్కకి పెట్టకూడదని నువ్వు పట్టుకుని కూర్చున్నావు. ముదిగుబ్బలో మా నాయన గొర్రెల మందను కాసిన కుక్కలు ఏం తిన్నాయి? సంగటి తిన్నాయి, మజ్జిగ తాగాయి, తోడేలు వాసన వస్తే కొండ ఎక్కించి తరిమాయి. వాటికెవరు ప్యాకెట్లు చింపారు? అందుకని నిన్న బస్టాండులో కట్టించుకొచ్చిన బొరుగుల ఉగ్గానిలో కాస్త వాడికీ పెట్టాను, ఒక మిరపకాయ బజ్జీతో సహా. కళ్లు మూసుకుని తిన్నాడు. మనిషి తిండి కుక్కకి పడదనే మాట ఎవరో ప్యాకెట్లు అమ్ముకునేవాళ్లు పుట్టించిందని నా నమ్మకం. నీ జవాబు చూసి మాట్లాడతాను.

ఇట్లు,
పరీక్ష బాగా రాస్తున్న
నీ రంగప్ప


ధర్మవరం,
గురువారం, సంగటి దించి

వసుంధరకు,

నీ ఉత్తరం అందింది. జయప్రకాష్ ఇస్తూనే, "వదిన బాగా వేడి మీద ఉండాది అన్నా, కూర్చోని చదువుకో" అన్నాడు. నిలబడే చదివాను, తర్వాత కూర్చున్నాను.

ఒప్పుకుంటున్నాను. ఉగ్గాని తిన్న మర్నాడు కండక్టర్ వాకిలంతా పాడుచేశాడు. నువ్వడగకముందే చెబుదామనుకున్నాను కానీ గెలిచిన ఉత్సాహంలో ఉండి రాయలేదు. ఉగ్గానిలో వేసిన ఎర్రగడ్డలు, ఉల్లి జాతి ఏదైనా, కుక్క రక్తాన్ని పాడుచేస్తాయని నాకెవరు చెప్పారు? మనం పచ్చివే కొరుక్కు తింటాం. ఎండుద్రాక్ష కూడా వద్దని రాశావు, చాక్లెట్ వద్దని రాశావు. చాక్లెట్ నా చేతికిచ్చేవాళ్లెవరు, వాడికిచ్చేదాకా. చివర్న పెద్ద అక్షరాలతో, మనం తినేది వాడికి పెట్టొద్దంటే పెట్టొద్దు అని గీత కూడా గీశావు. ఆ గీత చూసి చంద్రప్ప, "ఇంక నోరెత్తద్దురా" అన్నాడు. ఎత్తడం లేదు. సంగటి, అన్నం, ఉడికిన గుడ్డు, నువ్వు చెప్పినట్టు వేరుగా, ఉప్పూ కారం తగలకుండా. మన తిండి ఒక్క మెతుకు వాడి నోట్లోకి పోవడం లేదు. నీ మీద ఒట్టు.

ఇప్పుడు అసలు విశేషం. మా తమ్ముడు ముత్యాలప్ప పోయిన వారం చెనిక్కాయలు పంపించాడు. ఈ ఏడు కాయ బాగానే కాసింది కానీ కాయలతో ఉన్న కట్టె పీకి ఆరేసిన నాడే వాన పట్టుకుందట. కుప్ప తడిసిపోయింది. నేను మిద్దె మీద పరిచి, ఎండ పెట్టి, ఒలిచి, ఇప్పుడు వసారాలో కూర్చుని గింజలు ఏరుతున్నాను. చంద్రప్ప మగ్గం చప్పుడు నాకు వినబడదు కానీ గోడకి వీపు ఆనిస్తే తెలుస్తుంది. ఆ దెబ్బకొక గింజ ఏరుతుంటే పని సాఫీగా సాగిపోతుంది. కండక్టర్ నా కాళ్ల మీద తల పెట్టుకుని చూస్తుంటాడు.

ఎర్రగా నిగనిగలాడేవన్నీ పావని కోసం ఒక మూట కడుతున్నాను. పథ్యం అయిపోయింది కదా, వేయించి బెల్లం పాకంలో ఉండలు చేసి పెట్టు. బాలింతకి బలం. ఏరడం పూర్తయితే జయప్రకాష్ బస్సులో వేస్తాను. ముడుచుకుపోయినవి, నల్లమచ్చలు పడినవి, కాస్త బూజు పట్టినవి ఇంకో పక్కన పోశాను. పారేద్దామంటే చేతులు రాలేదు. మన సీమలో చెనిక్కాయ గింజ పారేసే మనిషిని నువ్వెక్కడైనా చూశావా? అప్పుడు తట్టింది నాకు. ఇది మన తిండి కాదు కదా. మనం తినం కదా. నీ మాటా నిలబడుతుంది, గింజా వృథా పోదు. వాటిని వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఉప్పు లేకుండా కారం లేకుండా వాడి సంగటిలో కలిపాను.

ఆ సంబరం నువ్వు చూసి తీరాలి. వాసనకే లేచి, నా చుట్టూ తిరిగి, తోక గోడకి కొట్టుకుంటూ, గిన్నె కింద పెట్టేదాకా ఆగలేకపోయాడు. ఆరోజు నుంచి రెండు పూటలా అదే. రోకలి చేతిలోకి తీసుకుంటే చాలు, యాడున్నా పరుగెత్తుకొస్తాడు. జేబులో కొన్ని గింజలు వేసుకుని తిరుగుతున్నాను, మాట వింటే ఒకటి ఇస్తున్నాను. కూర్చో అంటే కూర్చుంటున్నాడు. ఇన్నేళ్లు నన్ను చూస్తే తప్పుకుపోయేవాడే కానీ నన్ను ఇష్టపడిన కుక్క కాదు. మొన్న నేను బజారు నుంచి ఆలస్యంగా వస్తే గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడట, చంద్రప్ప చెప్పాడు.

కాబట్టి నేను పాసయ్యాననే అనుకుంటున్నాను. కొక్కెం తుడిచి నూనె పూశాను. ఉయ్యాలకి ఏ చీర కావాలో నువ్వే చెప్పు, పెట్టె తెరవడానికి నాకు ధైర్యం లేదు. పావనిని కూడా ఒక మాట అడుగు. వాళ్ల నాయన వంట చేస్తున్నాడని చెప్పు, నమ్మకపోతే జయప్రకాష్‌ని సాక్ష్యం పెట్టుకో, ఒకరోజు తిని పోయాడు. మంచి రోజు చూసి రాయి.

ఇట్లు,
వంటమనిషి
రంగప్ప


ధర్మవరం,
మంగళవారం

వసుంధరకు,

కండక్టర్ బతికాడు. ఇది ముందు రాసేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు. మూట మీ గడప తొక్కలేదని జయప్రకాష్ ఆరోజే చెప్పి ఉంటాడు. అతను బస్సులో ఉన్నాడు, నేను ఆసుపత్రిలో ఉన్నాను, కాబట్టి అతనికి తెలియనిది నేను చెప్పాలి.

ఆ పొద్దున మూట కట్టి, మూతి కుట్టి, పైన పావని పేరు రాసి, భుజాన వేసుకుని బస్టాండుకి పోయాను. జయప్రకాష్ సీటు వెనక పెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, పెళ్లికొడుకులా ఇంటికొచ్చాను. గేటు తీస్తే అరుపు లేదు. అంతకు ముందు రోజే సగం తిని వదిలేశాడు, వేడి చేసిందేమో అనుకున్నాను. లోపలికి పోతే రోలు పక్కన పడుకుని ఉన్నాడు, ముందర కక్కుకున్నాడు. లేపితే లేవలేదు. కళ్లు చూశాను. తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది. చంద్రప్పని పిలిచిన పిలుపుకి వీధిలోని మగ్గాలన్నీ ఆగాయట.

ఇద్దరం దుప్పట్లో ఎత్తుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పోయాం. అక్కడ డాక్టరు గీతాంజలి అని, మన పావని ఈడు అమ్మాయి. నోరు తెరిచి చూసింది, కడుపు నొక్కి చూసింది. "ఏం పెడ్తాండావు అన్నా దీనికి?" అంది. నా చెవి దగ్గరకొచ్చి అడిగింది కాబట్టి బాగా వినబడింది. నేను ఛాతీ విరుచుకుని చెప్పాను, మేడం, మన తిండి ఒక్క మెతుకు ముట్టనీయలేదు, మా ఇంటామె గట్టి ఆర్డర్ అని. "మన తిండి కాకపోతే ఇంకేం పెట్టినావు?" అంది. చెనిక్కాయ గింజల పొడి అన్నాను. వానకి తడిసిన కుప్పలోవి, మనం తినేవి కాదు, ఏరి పక్కన పెట్టినవి అన్నాను. ఆ మాట కూడా గొప్పగానే చెప్పాను వసుంధరా. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జేబులో ఉన్న గింజలు తీసి చూపించాను. డాక్టరమ్మ ఒకటి తీసుకుని గోటితో రెండు బద్దలు చేసింది. లోపల పచ్చగా పొడిపొడిగా ఉంది. పైనుంచి చూస్తే అది నాకు తెలియలేదు. వేయిస్తే పోతుందిలే అనుకున్నాను. "వేయించినా పోదన్నా. ఈ బూజులో విషం ఉండాది. మనిషి కంటే ముందు కుక్క లివర్‌ను పట్టుకుంటాది" అంది. అని, సూది మందు ఎక్కిస్తూనే ఇంకో మాట అడిగింది. "మంచివని ఏరినావే, అవి ఏం చేసినావు?"

నేను నోరు తెరిచేలోపే చంద్రప్ప చెప్పాడు, హిందూపురం బస్సులో పోతాండాయి, బాలింతకు అని. "అదే కుప్పలోవా?" అంది. అదే కుప్ప అన్నాను. "అయితే అవీ వద్దు. తడిసిన కుప్పలో ఏది మంచిదో కంటితో తేల్చలేం" అంది. ఆ తర్వాత ఏం చేశానో వరసగా చెప్పమంటే కష్టం. నీకు ఫోన్ చేశాను, మోగింది, ఎత్తలేదు. బిడ్డ నిద్రపోతుంటే నువ్వు ఫోన్ మూగది చేస్తావని తెలుసు. వెంకటేష్ ఉద్యోగం బెంగళూరులో. జయప్రకాష్ స్టీరింగ్ మీద ఉండగా ఫోన్ ముట్టడు, ఆ క్రమశిక్షణ అతనికి నేర్పిందే నేను. బస్సు అప్పటికి పెనుకొండ దగ్గర పడుతూ ఉంటుంది. కండక్టర్ కాలికి సెలైన్ ఎక్కుతోంది, వాడు కాలు లాక్కోకుండా నేను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను. వదిలితే సూది ఊడుతుంది. వదలకపోతే బస్సు పోతుంది.

పెనుకొండ బస్టాండులో టీ కొట్టు రామక్క గుర్తొచ్చింది. చంద్రప్ప చేత నంబరు నొక్కించి, ఫోన్ నా నోటి దగ్గర పెట్టమన్నాను. రామక్కా, హిందూపురం బస్సు ఆపు, డ్రైవర్ వెనకాల చెనిక్కాయ మూట ఉంది, దించెయ్, ఎవరినీ తిననియ్యద్దు, మేకలకి కూడా వెయ్యద్దు, గుంత తీసి పూడ్చిపెట్టు అని అరిచాను. ఆ అరుపుకి ఆసుపత్రి ఆవరణలో ఉన్న గేదెలన్నీ తలలెత్తి చూశాయి. ఆమె ఏమందో నాకు ఒక్క ముక్క వినబడలేదు. చంద్రప్ప ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. అతని మొహం చూస్తూ కూర్చున్నాను. కండక్టర్ కాలు మాత్రం వదలలేదు. చాలాసేపటికి చంద్రప్ప నా చెవిలో అరిచాడు, "దించేసిందంటరా. కదిలే బస్సుకు అడ్డం నిలబడి ఆపిందంట."

కండక్టర్ కొన్ని రోజులు ఊగిసలాడాడు. నేను ఇంటికీ ఆసుపత్రికీ తిరిగాను, నిన్న వాడు తనంతట తాను లేచి గిన్నె దగ్గరికి నడిచాడు. పల్చటి గంజి తాగాడు. డాక్టరమ్మ నవ్వింది. అప్పుడడిగాను, ఇంతకీ మనిషి తిండి కుక్కకి పెట్టొచ్చా, పెట్టకూడదా, నాకూ మా ఇంటామెకూ తగువు అని. "పెట్టొచ్చన్నా. సంగటి పెట్టు, అన్నం పెట్టు, గుడ్డు పెట్టు. మన ఉప్పూ కారాలు, ఎర్రగడ్డలు తగలకుండా చూసుకో. అంతకన్నా ముందు, మీ నోటికి పనికిరాదని తీసిపారేసింది దాని నోటికి పెట్టద్దు. మీ ఇంట్లో పసిబిడ్డకు పెట్టేముందు ఎట్ల చూస్తావో అట్ల చూసి పెట్టు" అంది.

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ పసిబిడ్డ మాట గుండెల్లో దిగింది. వసుంధరా, నేను నీ మాట మీరలేదు. నువ్వు గీసిన గీత లోపలే ఉన్నాను. ఉండే, నన్ను నమ్మి గేటు దగ్గర కాచుకున్న ప్రాణికి చేతులారా విషం దంచి పెట్టాను. ఇంకో గంట ఆలస్యమైతే నా కూతురికీ పెట్టేవాణ్ణి. ప్రేమగా మూతి కుట్టి, పేరు రాసి మరీ పంపించాను.

అందుకని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. బిడ్డను ఇక్కడికి తేవద్దు. నువ్వు పెట్టిన పరీక్షలో నేను తప్పాను, ఎవరూ దిద్దక్కర్లేదు, నేనే దిద్దుకున్నాను. నాకు చూడాలనిపిస్తే బస్సెక్కి వచ్చి చూసి పోతాను. కండక్టర్ కాస్త కోలుకున్నాక ముదిగుబ్బకి తీసుకుపోయి ముత్యాలప్ప మందలో వదులుతాను. అక్కడ వాడికి చేతనైనవాళ్లు పెడతారు. కొక్కేనికి మళ్లీ లుంగీ ఆరేశాను.

రంగప్ప


హిందూపురం,
శనివారం

పావని నాయనకు,

నీ ఉత్తరం పావని పైకి చదివింది. గేదెలు తలలెత్తిన చోట నవ్వింది, ఆ తర్వాత చదవలేకపోయింది, మిగతాది నేను చదువుకున్నాను.

అంతకు ముందే జయప్రకాష్ వచ్చి వాకిట్లోనే నాటకం వేసి చూపించాడు. రామక్క పాలగిన్నె చేతిలో పట్టుకుని బస్సు ముందుకొచ్చి, "నన్ను తొక్కి పోతావో, మూట దించుతావో చెప్పబ్బా" అందట. బస్సులో వాళ్లంతా బాంబేమో అనుకుని దిగిపోయారట. నీ మూటకి పెనుకొండలో ఇంత మర్యాద జరిగింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఫోన్‌లో కాదు కాబట్టి మధ్యలో అరవడానికి నీకు వీలుండదు.

నేను పెట్టింది నీకు కుక్కను చూసుకునే పరీక్ష కాదు. బిడ్డను ధర్మవరం తేవాలని నేను అనుకోనే లేదు. పావని సెలవు అయిపోగానే దానితో పాటు బెంగళూరు పోయి, బిడ్డ నడిచేదాకా అక్కడే ఉండాలని నేనూ అదీ ముందే మాట్లాడుకున్నాం. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అన్నాళ్లు నువ్వొక్కడివే ఏం తింటావు అన్నదే నా దిగులు. నీ కోసం వండుకోమంటే నువ్వు వండుకోవు, హోటల్లో బజ్జీలు తిని పడుకుంటావు. కుక్క పస్తుంటే మాత్రం చూడలేవు. అందుకే కండక్టర్‌కి వేడిగా వండాల్సిందేనని చెప్పి పోయాను. వాడి కోసమైనా పొయ్యి వెలిగిస్తే నీ కడుపులోకీ ఇంత సంగటి పోతుందని. సంగటి వాడికి కొత్త అనుకున్నావా? ఇన్నాళ్లూ నా చేతి సంగటి తినే కదా పెరిగాడు. నువ్వు గెలికిన గోడపూత వాడు ఎలా తిన్నాడో అదే నాకు ఆశ్చర్యం.

తప్పులో నాకూ వాటా ఉంది. ఏది పెట్టకూడదో గీత గీసి మరీ రాశాను, ఏది పెట్టాలో కుదురుగా కూర్చుని రాయలేదు. మనం ఏరి పారేసిన గింజలు కోడికీ కుక్కకీ వేయడం మీ అమ్మ చేసింది, మా అమ్మ చేసింది. నేనక్కడ ఉన్నా చేట నిండా పోసి పెట్టేదాన్ని. నువ్వొక్కడివే మోసుకోకు.

బెంగళూరు ప్రయాణం మానుకుందామని చెప్పింది నేను కాదు. పావని చెప్పింది. నీ ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, "అమ్మా, నాయన దగ్గరికే పోదాం" అంది. అదేమే, ఇంత జరిగినాక అన్నాను. "తప్పు చేసినోళ్లు ఎవరికీ తెలీకుండా కడుక్కుంటారు. నాయన తప్పు చేస్తే పెనుకొండ దాకా వినబడతాది. అట్లాంటి మనిషి దగ్గర బిడ్డను పెట్టుకునేదానికి భయమెందుకు?" అంది. ఇన్నేళ్లు నీ అరుపు విని విసుక్కున్న నేను లేచి సామాన్లు సర్దడం మొదలుపెట్టాను. ఆఫీసు వాళ్లను అడిగింది, ఎండాకాలం దాకా ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. నువ్వు కుక్క కాలు వదలకుండా పట్టుకుని కూర్చున్నానని రాసిన చోటే దాని మనసు మారిందని నాకు తెలుసు, అది నాకు చెప్పకపోయినా.

కండక్టర్‌ను మందలో వదిలే ఆలోచన మానుకో. వాణ్ణి ముదిగుబ్బ బస్సెక్కిస్తే వెనక సీట్లో నిన్ను కూడా ఎక్కిస్తాను. వాడు జబ్బు పడి లేచింది నీ చేతుల్లో. ఇంక వేరే ఇంటి గిన్నెలో తినడు.

బుధవారం పొద్దున జయప్రకాష్ బస్సుకు వస్తున్నాం. బస్టాండుకు నువ్వొక్కడివే రా, వాణ్ణి నడిపించకు. ఉయ్యాలకు నీలం అంచు పాత చీర పెట్టెలో పైనే ఉంటుంది, ధైర్యం చేసి తియ్యి. కొక్కేనికున్న ఆ లుంగీ తీసెయ్. మిగిలిన చెనిక్కాయలు ఇంట్లో ఒక్క గింజ కూడా ఉండకూడదు. మధ్యాహ్నానికి సంగటి గెలుకు, నువ్వు తినేదే మాకూ పెట్టు. కండక్టర్ వాటా మాత్రం ముందే తీసిపెట్టు, ఉప్పు వెయ్యకముందే.

వసుంధర